కదలని డేటా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హోసూరులో కృష్ణగిరి బస్సెక్కి నా డిజైన్ కాగితాలు తెరిచాను. కంప్యూటర్‌ను ఆపకుండానే అందులోంచి మెమరీ కార్డు తీసేయగలగాలి. కానీ కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం, కెర్నల్, దాని సొంత డేటా ఏ కార్డులో పడితే అక్కడే పాతుకుపోతుంది, దాన్ని కదిలించలేం, ఆ కార్డునూ తీయలేం. ఆరు నెలలుగా నేను అక్కడే ఆగిపోయి ఉన్నాను.

పక్క సీటులోని అమ్మాయి కాగితాలు చూసి, తనదీ ఇదే పనని చెప్పింది. వాళ్లది హోసూరు దగ్గరి బేరిగై.

“కదలని దాన్నంతా మొదట్నుంచే ఒక కార్డులో పెట్టేస్తే చాలదా అప్పా? ఇంక యాడా దానికి చోటియ్యొద్దు. మిగతా కార్డులు ఎప్పుడు కావాలన్నా తీయొచ్చు,” అంది.

అది పనిచేస్తుందని నాకు వెంటనే తెలిసింది. కడుపు మండిపోయింది.

“అట్లంతా కుదరదమ్మా. దాంట్లో చానా చిక్కులుండాయి,” అన్నాను.

“అట్లనా? మీకు తెలిసింటుంది. రేపు మా ఆఫీసులో చెప్దామనుకొన్నాను. అందరూ నవ్వేవాళ్లు,” అని సిగ్గుపడింది. దిగేటప్పుడు నాకు థాంక్స్ కూడా చెప్పింది.

ఆ వారమే ఆ పద్ధతిని మా ఆఫీసులో నా పేరుతో రాసిచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఎంత మెచ్చుకున్నా ఆమె మీద నా అసూయ తగ్గలేదు. నా మాట నమ్మి, ఆమె తన ఆఫీసులో నోరు విప్పి ఉండదు.