శ్రావణం దాకా ఆగిన ఇల్లు

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున కూర్మమ్మ ముందు గోడల్ని కొట్టి చూసింది. తర్వాత వంటింటి మూల నిలబడి వాసన చూసింది. పాడావును కొనేవాళ్ళు పళ్ళూ పొదుగూ చూసినట్టు తలుపుల బందులు, పెంకుల సందులు, బావి గట్టు అన్నీ తీరిగ్గా చూసింది. ఇల్లమ్మే చీనా ముసలాయన బండిచక్రాలు చేసి బతికినవాడు, పినాంగులో కొడుకు దగ్గరికి పోతున్నాడు. ఆయన ఓపిగ్గా వెంట నడిచాడు.

క్లాంగ్ రైలు స్టేషను వెనక వీధి అది. పన్నెండు ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉన్నాయి. ఇటు గోడా అటు గోడా పక్కవాళ్ళతో ఉమ్మడే. కట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది, పెంకులు నల్లబడ్డాయి, ముందుగదిలో చీనావాళ్ళు ధూపం వేసుకున్న చోట గోడ మసిబారింది. కూర్మమ్మ అవేవీ పట్టించుకోలేదు. తలుపుకు లోపల గడియ ఉంది. ఆ గడియ తీయించి బయటికి పొమ్మనే దొర లేడు. ఆవిడకు అంతే కావాలి.

ఆవిడ మొగుడు పైడయ్య అరుగు మీదే చతికిలబడి దగ్గుతున్నాడు. లోపలికి వచ్చి చూడమంటే రానన్నాడు. మనదయ్యాకే కాలు పెడతానన్నాడు.

ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. క్లాంగుకు నాలుగు మైళ్ళ దూరంలో వాళ్ళు కూలి చేసే రబ్బరు తోట, ఆ తోటలో లయం. లయం అంటే ఒకే పొడుగాటి కొట్టం, వరసగా ఇరవై గదులు. గదుల మధ్య తడికలు కప్పుదాకా ఉండవు కాబట్టి ఒకరు మిరపకాయ వేయిస్తే ఇరవై గదులూ తుమ్మేవి. పని చేసినన్నాళ్ళే ఆ గది. ఓడలో తమతో వచ్చిన అప్పడు అనేవాడు చనిపోయిన మర్నాడే, వాడి పెళ్ళాం ముత్యాలును కూలీల మీద మేస్త్రీ కంగాణి వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. ఆవిడ కుండలు రోడ్డుమీదికి మోసినవాడు పైడయ్యే. ఆ సాయంత్రం తిండి ముట్టకుండా కూచుని, పెళ్ళాంతో ఒక్క మాట అన్నాడు.

"ఒలే కూర్మీ, నాను సచ్చినప్పుడు నన్ను మన ఇంట్లోంచి ఎత్తాల."

కూలివాడికి సొంతిల్లేమిటని లయమంతా నవ్వింది. కూర్మమ్మ నవ్వలేదు. లయం వెనక ఆవుల్ని పెంచి, పదిహేనేళ్ళు క్లాంగు వీధుల్లో పాలు పోసింది. 1932లో రబ్బరు ధర పడిపోయి, బలం లేనివాళ్ళని తోటలవాళ్ళు మళ్ళీ ఓడెక్కించి సొంత ఊళ్ళకు పంపేస్తున్న రోజుల్లో, పైడయ్య పేరు జాబితాలోకి రాకముందే ఆవిడ ఒక్క ఆవును మాత్రం ఉంచుకుని తక్కినవీ, ఒంటిమీది బంగారమూ అమ్మేసి ఆ ఇల్లు కొంది.

కాగితాలు చేతికి వచ్చేసరికి ఆషాఢం పడి రెండు రోజులైంది.

ఆ సాయంత్రమే వెళ్ళిపోదామన్నాడు పైడయ్య. కూర్మమ్మ ఒప్పుకోలేదు. ఆషాఢంలో కొత్తింట్లో ఎవరైనా అడుగు పెడతారా? పంచాంగం చూసే వీరాస్వామి కూడా శ్రావణ పంచమి దివ్యంగా ఉందన్నాడు. పెళ్ళి హడావిడిగా జరిగింది, పుట్టిన బిడ్డ ఓడలోనే పోయింది. బతుకులో ఈ ఒక్కటైనా పద్ధతిగా జరగాలని ఆవిడ పట్టు. కొత్త కుండలో పాలు పొంగాలి, గడపకు పసుపు రాయాలి.

"ఇన్నేళ్ళు ఆగినావు. ఒక్క నెల ఆగలేవేటి?" అంది.

ఆ మాట అన్నందుకు కూర్మమ్మ బతికినన్నాళ్ళూ కుమిలింది.

ఆ నెలంతా మూడు రోజులకోసారి వెళ్ళి అరుగు ఊడ్చి, గడప దాటకుండానే తిరిగొచ్చేది. వచ్చీ రాగానే పైడయ్య ఇంటి సంగతులు అడిగేవాడు. వాన జల్లు ఎటు కొడుతుంది? పక్కింటివాళ్ళు ఎవరు? చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. తోట ఆస్పత్రిలో మందిచ్చే మనిషి పైడయ్య ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పి ఊరుకున్నాడు. అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా, తెల్లవారి కూర్మమ్మ ఆవు పాలు పితుకుతుంటే, లోపల దగ్గు ఆగింది. పాలచెంబుతో ఆవిడ వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పొద్దెక్కేలోపు తోట వెనక వల్లకాడు దగ్గర కట్టెలు పేర్చడానికి మనుషులు లేచారు. రేపటికి గది కావాలని కంగాణి కబురు పంపాడు. కూర్మమ్మ ఎద్దుబండి కట్టమంది.

"ఎక్కడికి సెల్లీ?" అన్నాడు వీరాస్వామి.

"ఇంటికే, అన్నా."

ఆయన నెత్తి పట్టుకున్నాడు. ఆషాఢం పోలేదు, పోయిన నక్షత్రం పునర్వసు, చావుకు మంచిది కాదు, పాలు పొంగించని ఇంట్లోకి ముందుగా శవాన్ని తీసుకెళ్తే ఆ ఇల్లు ఇక ఇల్లుగా మిగలదని, మూడు నెలలైనా తాళం పెట్టాల్సి వస్తుందని నచ్చజెప్పాడు. చెడ్డ మనిషి కాడు, ఆవిడ మంచి కోరే చెప్పాడు.

"మంచిరోజని నానే ఆపినాను. ఇంకాపను. ఆ ఇంట్లో ముందడుగు ఆయనదే," అంది కూర్మమ్మ.

నాలుగు మైళ్ళూ బండి పక్కన నడిచింది. పాలచెంబు చేతిలోనే ఉంది. వీధిలో పన్నెండు ఇళ్ళవాళ్ళూ అరుగుల మీదికి వచ్చి చూశారు. గడప దగ్గర మోసేవాళ్ళని ఆపి, నీళ్ళు చల్లి, పసుపు రాసింది. పైడయ్యను మొదట లోపలికి పంపి, ఆయన వెనక తను గడప దాటింది. మసిబారిన గోడ పక్కన పడుకోబెట్టించింది.

శవమున్న ఇంట్లో పొయ్యి రాజెయ్యరు. కూర్మమ్మ పెరట్లో పడున్న మూడు ఇటుకలు తెచ్చి వంటింటి మూల పేర్చింది. పక్కింటి అరవావిడ దగ్గర నిప్పడిగితే, ఆవిడ కొబ్బరి చిప్పలో తెచ్చి, ఏమీ అడక్కుండా ఇచ్చింది. వెంట వచ్చిన వీరాస్వామి వంగి నిప్పు ఊదాడు.

చెంబులో పాలు పొంగి ఇటుకల మీద పడ్డాయి. కూర్మమ్మ మొదటి చుక్క వేలితో తీసి ఆయన పెదాల మీద రాసింది. అప్పటిదాకా ఏడవనిది ఆయన గుండె మీద తల పెట్టి గొల్లుమంది. చాలాసేపటికి లేచి, కొంగుతో ఆయన మొహం తుడిచి, వాకిట్లోవాళ్ళని పిలిచింది.

"ఇప్పుడు ఎత్తండన్నా. మా ఇంట్లోంచి ఎత్తండి."