బొగ్గు మరక ఉన్న జెర్సీ

1999 ఎండాకాలం. తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో నాకొక రఫూ గది ఉండేది. రఫూ అంటే చిరిగిన బట్టకు అతుకు వెయ్యకుండా, ఆ బట్టలోంచే తీసిన దారంతో చిరుగును మళ్లీ అల్లడం. గదికి బోర్డు పెట్టలేదు. పాలెగాళ్ల వంశంలో పుట్టినవాణ్ణి, పేరు రాసి వేలాడదీసి పని అడగడం నాకు నచ్చలేదు. ఒకప్పుడు మా శాలువలు బాగు చెయ్యడానికి వెనక గుమ్మంలో కూర్చునే ఖాదర్ సాయిబు దగ్గరే, ఇల్లూ పొలాలూ పోయాక, ఈ పని నేర్చుకున్నాను.

ఒకరోజు మునిరత్నం ఒక ఫ్రెంచి ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు. మునిరత్నం మా పాత ఊరివాడు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆ ఇంజనీరుకు కారు నడిపేవాడు.

"దొరా, మా సారు సొక్కా కోతులు సించేసినాయి. గాలి తగలాలని డాబా మీద ఏసినాడు. ఈడ కోతులుండాయి సారూ అని నేను సెప్తానే ఉండా, ఇనలా."

"ఏ బాసలో చెప్పినావప్పా?"

"తెలుగులోనే దొరా. ఇంకే బాస వచ్చు నాకు?"

ఇంజనీరు పేరు లూసియన్. నలభై దాటినవాడు. పసిబిడ్డను విప్పినట్టు తువ్వాలు విప్పాడు. లోపల ఎరుపు, పసుపు చారల పాత ఉన్ని జెర్సీ. ఒక చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా చీలిపోయి ఉంది.

"మా తాతది. ఏ దేశం వెళ్లినా వెంట తీసుకెళతాను. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడేవాడు" అన్నాడు ఇంగ్లీషులో. "క్లబ్బు వాళ్లు పాత వస్తువులతో స్టేడియంలో ఒక గది పెడుతున్నారు. దీన్ని అడిగారు. మా నాన్న తన చేత్తో ఇవ్వాలనుకుంటున్నాడు. ఆయనకు బాగా పెద్దవయసు. చిరిగిన సంగతి ఇంకా చెప్పలేదు. పన్నెండు రోజుల్లో బయల్దేరుతున్నాను. మా తాత గనిలో…"

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "చిరుగు చూపించండి, చాలు."

గిరాకీల కథలు వినడం నా మర్యాదకు తక్కువ అనుకునే రోజులవి.

అది మగ్గం మీద నేసిన బట్ట కాదు, నిట్టెడ్. అంటే ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. ఒక ఉచ్చు తెగితే కింది వరుసలన్నీ జారతాయి. అంచు మడత లోపలి నుంచి పాత దారం లాగి, జారిన ప్రతి ఉచ్చునూ సూదితో పట్టుకు రావాలి. దానికన్నా ముందు బట్టను కడగాలి. మురికి మీద రంగు కలిపి వేసిన దారం, మురికి పోయాక వేరుగా కనబడుతుంది. ఖాదర్ సాయిబు నేర్పిన మొదటి నియమం అదే.

తెల్లటి మెడపట్టీ లోపలి వైపంతా నల్లగా ఉంది. మెడ మురికి అనుకున్నాను. కుంకుడు నురగ పట్టించి వేళ్లతో రుద్దాను. పళ్లెంలో నీళ్లు నల్లబడ్డాయి. సగం పట్టీ తెల్లబడ్డాక నా వేళ్లు ఆగిపోయాయి. చెమట మురికి జిగటగా ఉంటుంది. ఇది ఇసకలా గరగరలాడుతోంది. వేలు వెలుతురుకు పెట్టి చూస్తే సన్నగా మెరిసింది.

గని అన్నాడు. నేను చెప్పనివ్వలేదు.

మర్నాడు పని ఎందాకా వచ్చిందో చూడటానికి మునిరత్నం వచ్చాడు. పట్టీ చూపించి జరిగింది చెప్పాను. వాడి చూపు నా ఇస్త్రీ పెట్టె మీద పడింది.

"దాంట్లో బొగ్గులుండాయి కదా దొరా. నాలుగు నూరి పూసేస్తే సరి. ఆ ముసిలాయనకేం తెలస్తాది?"

"నాకు తెలుస్తుంది."

"మీకు తెలిస్తే ఏమి? మీరేమన్నా ఆ దేశం పోతారా?"

అమ్ముడుపోయిన నగలకు గిల్టు నకళ్లు చేయించుకుని పెళ్లిళ్లకు పెట్టుకొచ్చిన బంధువులను నేను చూశాను. వాళ్ల పక్కన కూర్చోలేక లేచి వచ్చేసేవాణ్ణి. పళ్లెంలో నీళ్లు ఇంకా పారబోయలేదు. కదపకుండా ఉంచి, పైనీళ్లు మెల్లగా వంపేశాను. అడుగున మిగిలిన నల్లటి పొడిని గుడ్డ మీద ఆరబెట్టి పొట్లం కట్టాను. మునిరత్నం కారెక్కి రేణిగుంట వెళ్లాను. గిరాకీ గడప తొక్కడం నాకదే మొదటిసారి.

లూసియన్ అంతా విని ఒక్క మాట అడిగాడు. "ఎంత మిగిలింది?"

"సగం. పోయింది ఇదిగో."

పొట్లం విప్పి, ఆ పొడిని వేలి కొసతో తాకాడు. నన్ను కూర్చోమని, ఆ రోజు ఆపిన మాట మళ్లీ మొదలుపెట్టాడు. ఒక ఆదివారం మ్యాచ్ ఉందనగా ముందురాత్రి గనిలో పైకప్పు కూలిందట. తాత లోపలివాళ్లను తవ్వి తీసి, ఒళ్లు కడుక్కోకుండా పైకొచ్చి ఈ జెర్సీ తొడిగాడు. జట్టులో ఇద్దరు పైకి రాలేదు. ఆ రోజు ఆట జరగలేదు. మిగిలినవాళ్లు ఆ జెర్సీలతోనే మైదానం మధ్యలో నిలబడ్డారు. నాయనమ్మ దాన్ని మళ్లీ కడగలేదు.

"నన్ను క్షమించండి" అన్నాను. అంతకుముందు ఆ మాట ఏ గిరాకీతోనూ అనలేదు.

అతను తలూపి చెబుతూ పోయాడు. ఆ క్లబ్బు గనులవాళ్ల క్లబ్బు. స్టేడియం కట్టినవాళ్లు పనిలేక కూర్చున్న గని కార్మికులు. పోలండ్ నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలు ఆ జెర్సీ వేసుకునే ఫ్రెంచివాళ్లయ్యారు. రంగులు ఎరుపూ పసుపూ ఎందుకయ్యాయంటే ఇంటికొక కథ చెబుతారు. తర్వాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గని కంపెనీ పోయింది. క్లబ్బు పోలేదు. ఊరి జనాభాకన్నా స్టేడియంలో సీట్లే ఎక్కువ, అయినా నిండుతాయి. నిరుడు ఆ జట్టే దేశంలోకెల్లా మొదటిది అయితే, జీవితమంతా భూమి కింద పనిచేసిన ముసలివాళ్లు వీధుల్లో నిలబడి ఏడ్చారట.

"ఆ కంపెనీ యజమానుల వంశం ఏమైంది?" అని అడిగాను. నాకు తట్టిన ప్రశ్న అదే.

"తెలియదు" అన్నాడు లూసియన్. "ఎవరూ అడగరు."

నేనేమో భూమి పోతే వంశం పోయిందని నమ్మి ముప్పై ఏళ్లు బిగుసుకుని కూర్చున్నవాణ్ణి. అక్కడ గని పోయింది, దొరలు పోయారు. కూలీలు తొడుక్కున్న చొక్కాకు గది కడుతున్నారు.

"నాన్నకు ఏం చెప్పను?" అన్నాడు లూసియన్.

"మీరు చెప్పక్కర్లేదు. నేను రాసిస్తాను."

ఎనిమిది రోజులు కూర్చుని జెర్సీ చెయ్యి అల్లాను. మెడపట్టీ జోలికి పోలేదు. తెలుగులో ఒక ఉత్తరం రాశాను. ఈ మరకలో సగం కడిగింది నేను, అడక్కుండా కడిగాను, కడిగినదంతా ఈ పొట్లంలో ఉంది, వేరే బొగ్గు కలపలేదు అని రాసి సంతకం చేశాను. కింద ఇంగ్లీషులోనూ రాశాను.

లూసియన్ సెలవు నుంచి తిరిగొచ్చి ఒక ఫొటో ఇచ్చాడు. అద్దం వెనక జెర్సీ, మెడ సగం నల్లగా, సగం తెల్లగా. పక్కన గాజు గిన్నెలో ఆ పొడి. దాని కింద నా ఉత్తరం, నా తెలుగు అక్షరాలు.

"మా నాన్న ఈ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు" అన్నాడు. "తర్వాత ఒకటే అడిగాడు. ఈయన వాళ్లెవరైనా గనిలో పనిచేశారా అని."

"మీరేమన్నారు?"

"అడిగి చెబుతానన్నాను."

మా వంశంలో ఏడు తరాల పేర్లు నాకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ ఆ ప్రశ్నకు జవాబుగా పనికి రాలేదు. లేదని చెప్పమన్నాను. కానీ ఆయన అలా అడిగినందుకు నమస్కారం చెప్పమన్నాను.

ఆ తర్వాత ఏ బట్ట వచ్చినా తడిపేముందు అడుగుతున్నాను, దీంట్లో ఏది పోకూడదు అని. చాలామంది వెంటనే చెప్పలేరు. బట్టను ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తారు. నేను ఆగుతాను.