ఇజ్జా గడ్డం మీది మూడు గీతలు

ఈ ప్రయాణం కోసం మా చెల్లెలు ఇజ్జా గెలిచిన మొదటి గెలుపు, పాస్‌పోర్టులో తన ముఖం తనకు దక్కించుకోవడం. మక్కా యాత్రకు కాకుండా ఊరికే దేశం చూడ్డానికి పాస్‌పోర్టు తీసుకున్న ఆడది మా తాలివీన్ కొండల్లో ఇదొక్కతే.

ఫొటో తీసిన బీహి మా పక్కింటివాడే. మర్యాద చేద్దామనుకుని, దాని గడ్డం మీది పచ్చబొట్టు మూడు గీతలూ కంప్యూటర్లో తుడిచేశాడు. ఆఫీసు గుమాస్తా ఫొటో చూసి, దీన్ని చూసి, "ఈవిడెవరో వేరే" అని వెనక్కి పంపాడు. ఇజ్జా తిన్నగా బీహి కొట్టుకే నడిచింది.

"పదేళ్ళు తగ్గించాను కదత్తా, సంతోషించు," అన్నాడు వాడు.

"తగ్గించమని నిన్నడిగానా? మా అమ్మ సూదితో పొడిచి పెట్టింది. నున్నటి ముఖం కావాలంటే మీ ఆవిడకి పెట్టుకో. నాది నాకిచ్చెయ్."

మళ్ళీ తీశాడు.

దాని మొండితనం నాకు కొత్త కాదు. మొగుడు పోయాక మరుదులు పొలం అడిగితే, కోర్టుకెక్కి తన పేర రాయించుకుంది. కుంకుమపువ్వు సహకార సంఘంలో మొదటి ఆడ సభ్యురాలు ఇదే. మా వాడకు నీళ్ళ మోటారు తెప్పించిందీ ఇదే. నేను చదివింది మసీదు బడిలోనే, అయినా ఇవి రాసి ఉంచవలసినవని నాకు తెలుసు.

ఏటా పూల కాలంలో స్పెయిన్ నుంచి జనం వస్తారు. దీని గడ్డం ఫొటో తీసుకుంటారు, మా పుదీనా టీ తాగుతారు, పోతారు. వాళ్ళకు వీసా అక్కర్లేదు.

"వాళ్ళు నన్ను చూశారు. ఇక నేను వాళ్ళను చూసొస్తాను," అంది ఇజ్జా.

హోటలు బుకింగు, బీమా, బ్యాంకు కాగితాలు, రానూపోనూ టికెట్లు అన్నీ పట్టుకెళ్ళినా మొదటిసారి వీసా ఇవ్వలేదు. తిరిగొస్తుందన్న నమ్మకం లేదట. "మొగుడు లేడు, పిల్లల్లేరు, ఎందుకొస్తుంది?" అన్నాడు పెద్ద మరిది హమ్మూ, కాఫీ కొట్లో నా ముఖం మీదే.

ఇది మళ్ళీ వెళ్ళింది. కౌంటరులో పిల్ల, "అక్కడ మీవాళ్ళెవరున్నారమ్మా?" అనడిగింది.

"ఎవరూ లేరు."

"మరి ఒక్కరే ఏం చూస్తారు?"

"వాళ్ళు మా ఊళ్ళో ఏం చూస్తున్నారో అదే. పొలాలు, ముసలాళ్ళ ముఖాలు."

ఆ పిల్ల నవ్వాపుకుంది. "తిరిగొస్తారనడానికి ఏముంది?"

"పువ్వుంది. అక్టోబరు చివర్లో విచ్చుకుంటుంది. ఎండెక్కకముందే కోయాలి, లేకపోతే వాడిపోతుంది. నా చేలో నేను లేకుండా ఒక్క పువ్వు తెగలేదు. అది రాసుకో."

"నేను రాసుకుంటే చాలదమ్మా. చేను మీదేనని చూపించాలి."

చూపించింది. మరుదులతో పోట్లాడి తెచ్చుకున్న ఆ పొలం కాగితమే, సంఘం ముద్రతో సహా. ఆనాడు మెత్తబడి ఇచ్చేసి ఉంటే ఈనాడు చూపించడానికి ఏముండేది?

వీసా వచ్చింది. ఈ నెల మొదట్లో రొట్టెలూ, బాదంముద్ద డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. హమ్మూ కిటికీ దగ్గరకొచ్చాడు.

"చేను నాకప్పగించిపో వదినా. నువ్వెలాగూ రావు."

"బస్టాండులో మంచం వేసుకుని పడుకో హమ్మూ. నేను దిగడం ముందు నువ్వే చూద్దువుగాని."

ఆ మంచం నేనే మోయిస్తాను. ఇజ్జా బస్సు దిగేది అక్టోబరు ఇరవై, మంగళవారం.