రికార్డు అనుకున్నారు

చార్మినార్ దగ్గర సైదాబాద్ బస్సెక్కాను. పక్క సీట్లోని పెద్దావిడ నన్ను తేరిపార చూసింది.

"నిన్న ఫంక్షన్ హాల్ల చేతులాడించింది నువ్వే గదా బిడ్డా?"

అవునన్నాను సంబరంగా. సెన్సర్లున్న తొడుగులు వేసుకుని, గాలిలో వేళ్లు కదిపితే పాట పలికే వాద్యం నాది. దాన్ని తయారు చేసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

"మస్తు చేసినవ్. పాట ఎవరు పెట్టిన్రు?"

"పెట్టుడేంది అమ్మా? నేనే వాయించిన."

"అట్లనా! రికార్డు పెట్టిన్రు, నువ్వు యాక్టింగ్ చేస్తున్నవ్ అనుకున్నం. మా వరుసల అందరు గదే అన్నరు."

మరి ఆ చప్పట్లన్నీ దేనికి కొట్టినట్టు?

ఆవిడ నా వేళ్ల వైపు చూసింది. "నడుమ ఒకసారి నీ చెయ్యి వణికింది. పాట గూడ వణికింది. గప్పుడు నాకు జర డౌటొచ్చింది. మా ఆయనకు చెప్తే నవ్విండు."

ఆ వణుకు తలుచుకునే నేను నిన్న రాత్రి ఇంటికెళ్లి ఏడ్చాను.

ఆవిడ తన స్టాపులో దిగిపోయింది. ఇప్పుడు ఎక్కడ కచేరీ చేసినా, మొదలుపెట్టిన కాసేపటికే రెండు చేతులూ దించేస్తాను. పాట ఆగిపోతుంది. హాల్లో అందరూ నా చేతుల వైపు చూసేదాకా అలాగే నిలబడతాను.