వంతు తప్పించిన మధ్యాహ్నం

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని పుట్టించింది నేను కాదు. ఊరంతా నమ్మి చెప్పుకునే మాట అది. కాదనగలిగిన వాళ్ళం ఇద్దరమే ఉన్నాం. ఇద్దరమూ నోరు మెదపలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు తల వంచడం మా ఇంట్లో ఎవరూ నాకు నేర్పలేదు.

ఊరి పేరు రాయను. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో, కాస్త లోపలికి ఉంటుంది. చుట్టూ ఉన్న పొలాలు ఒకప్పుడు మావి. ఇప్పుడు మిగిలింది సగం కూలిన లోగిలి, అందులో వాన కురవని రెండు గదులు, బయటికి వెళ్ళేటప్పుడు నేను కట్టుకునే పొందూరు పంచె, ‘బాబుగారు’ అనే పిలుపు. ఊరి చివర కరెంటు సబ్‌స్టేషను కట్టిన నేల మా తాతగారు ఉచితంగా ఇచ్చింది. అక్కడ ఆయన పేరున ఒక రాయి కూడా లేదు. అయినా అది మాదే అన్న భావం నన్ను వదల్లేదు.

ఆ సబ్‌స్టేషనులో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. ఒకటి ఎప్పుడో కాలిపోయింది. రెండోది నా చిన్నప్పటి నుంచీ అక్కడే ఉంది, మొత్తం బరువంతా దాని మీదే. తుఫానుకి ఒరిగిన స్తంభాలనే మళ్ళీ నిలబెట్టారు, తెగిన తీగలనే మళ్ళీ అతికారు. ఆ తీగల మీదికే రొయ్యల చెరువుల మోటార్లు, ఇంటింటి ఏసీలు వచ్చి చేరాయి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అన్ని ఊళ్ళ వాడకమూ ఒక్కసారిగా మీద పడితే ఆ ముసలి యంత్రం ఆగిపోయేది. మండలమంతటికీ కరెంటు పోయేది. అందుకని వంతులు పెట్టారు. ఒక్కో లైను కాసేపు ఆపి మిగతావాటిని నిలబెట్టేవారు. ఆ రోజు ఎవరి వంతు ఎప్పుడో పొద్దున్నే అందరి ఫోన్లకూ వచ్చేది. దాన్ని చూసుకునే జనం పిండి ఆడించుకునేవారు, ట్యాంకులు నింపుకునేవారు.

మార్తమ్మగారు దాన్ని చూసుకునే ఊపిరి పీల్చుకునేవారు.

ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త జాన్ మాస్టారు బడిలో లెక్కలు చెప్పేవారు. ఊరిని ఆనుకుని ఉన్న బెతనీ పేటలో ఇల్లు. ఆవిడ ఊపిరితిత్తులు పాడైతే ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టారు. నేను పలకరించడానికి వెళ్ళినప్పుడు మాస్టారు అంతా వివరంగా చూపించారు. కరెంటు ఉన్నంతసేపూ యంత్రం, వంతు వచ్చినప్పుడు సిలిండరు. అది ఖాళీ అయితే శ్రీకాకుళం పట్టుకెళ్ళి నింపించుకు రావాలి. ఆవిడ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంటూ, నాకు టీ ఇమ్మని ఆయనకు సైగ చేశారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను. ఈ ముక్క ముందే రాసేస్తే తర్వాత తప్పించుకోవడానికి నాకు దారి ఉండదు.

విజయనగరం వైపు మాకు బంధువులున్నారు. వాళ్ళు నిలబడ్డారు, మేం పడిపోయాం. ఒక వేసవిలో వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు కరెంటు పోయింది. నాకు బావ వరసయ్యే ఆయన కండువాతో విసురుకుంటూ, సబ్‌స్టేషనుకి నేలయితే ఇచ్చినారు గానీ, బావా, మీకో ఫ్యానుకి సరిపడా కరెంటు అట్టే పెట్టుకోలేదేటి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఏడాదిపాటు నాలో పుండులా సలిపింది.

మరుసటి వేసవిలో ఆయనే ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి, భోజనాల వేళ దాటాక వస్తున్నామని. వంతులు చూసుకున్నాను. సరిగ్గా ఆ వేళకి మాదే.

సబ్‌స్టేషనులో ఆ పూట డ్యూటీ అప్పన్నది. అతని తండ్రి మా ఇంట్లో పాలేరుగా చేశాడు. అతనికి ఫోన్ చేసి, ఈవేళ మా లైను తీయొద్దు, చుట్టాలొస్తున్నారు అన్నాను.

“బాబూ, తియ్యకపోతే ట్రాన్స్‌ఫారం తట్టుకోదండి. అసలే కుతకుతలాడిపోతన్నాది” అన్నాడు.

“ఇంకో లైను తియ్యి.”

“ఇంకోటంటే బెతనీ పేటేనండి. పొద్దుట ఓపాలి తీసేసినాను. మళ్ళా తీస్తే బాగోదండి.”

పేట పేరు వినగానే నాకు ఆ గది కనిపించింది. ఆ గొట్టం కనిపించింది. ఇన్నేళ్ళూ నాకు నేను కూడా ఒప్పుకోనిది ఇదే. గుర్తు రాలేదని చెప్పుకున్నాను, తొందరలో ఉన్నానని చెప్పుకున్నాను. గుర్తొచ్చింది. సిలిండరు ఉంటుందిలే అనుకున్నాను. ఉందో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఎందుకు చేయలేదు? లేదని చెబితే నేను ఊరుకోవాల్సి వస్తుంది కాబట్టి.

“ఆ సబ్‌స్టేషను ఎవరి నేల మీద ఉందిరా?” అన్నాను.



“తమరిదేనండి” అన్నాడు. తర్వాత, “సరే బాబూ.”

చుట్టాలు వచ్చారు. ఫ్యాను తిరిగింది. బావ కుర్చీలో వెనక్కి వాలి, ఈమాటు మీ ఊళ్ళో గాలాడతన్నాదే అని మెచ్చుకున్నాడు. నా వెన్ను నిటారుగా అయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎంత పెద్దదో ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తలుచుకుంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

మర్నాడు తెలిసింది. పొద్దుటి వంతులో సిలిండరు అయిపోయింది. ఇక ఈవేళ కరెంటు పోదు కదా అని, పక్కింటామెను కూర్చోబెట్టి, మాస్టారు దాన్ని తీసుకుని శ్రీకాకుళం వెళ్ళారు. ఆయన వెనక్కి వచ్చేలోపలే యంత్రం ఆగింది. పక్కింటామె ఆటో పిలిపించింది. ఆసుపత్రి చేరకముందే మార్తమ్మగారి ప్రాణం పోయింది.

నేను వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు కాబట్టి వెళ్ళాను. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు.

“మన వంతు అయిపోనాది, బెంగెట్టుకోకు అని సెప్పి మరీ ఎళ్ళినాను బాబూ” అన్నారు. “ట్రాన్స్‌ఫారం ముసిల్దైపోనాది. ఎవుల్నని ఏటి నాబం?”

అవును మాస్టారూ, పాతదైపోయింది అన్నాను.

అంతే. ఆ ఒక్క మాటతో నేను బయటపడ్డాను. పైనుంచి ఎవరో వచ్చి అడిగితే అప్పన్న కూడా అదే చెప్పాడు, లోడు ఎక్కువై పేట లైను ఆగిందని. రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ తరచి చూడలేదు. పాతబడిన తీగలు, స్తంభాలు జనాన్ని ఎండలో మగ్గబెడతాయని అందరికీ తెలుసు. నాలాంటి వాడికి అవి ఎంత మంచి చాటో నాకే తెలుసు. ఎక్కడ ఏ దీపం ఆరినా నింద వేయడానికి ఒక ముసలి యంత్రం సిద్ధంగా ఉంటుంది. దాని వెనక ఎవరి చెయ్యి ఉందో ఎవరు వెతుకుతారు?

తర్వాత జరిగింది చెప్పడం ఇంకా కష్టం. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఊరు కదిలింది. ముందు నడవమని నన్నే అడిగారు. నడిచాను. ఆఫీసుల్లో మార్తమ్మగారి పేరు చెప్పి గట్టిగా మాట్లాడాను. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఊరు నాకు శాలువా కప్పింది. మా తాతగారి తర్వాత మా ఇంటికి దక్కిన మర్యాద అదే. అది ఆవిడ చావు వల్ల దక్కింది. గుంపులో అప్పన్న కోసం చూశాను. రాలేదు. కొన్నాళ్ళకి అడిగి మరీ వేరే చోటికి బదిలీ చేయించుకున్నాడు.

నిజం చెబితే అతని ఉద్యోగం పోతుంది, అతని కోసమే ఊరుకున్నాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిరుడు అతను రిటైరయ్యాడు. నేను ఊరుకుంటూనే ఉన్నాను. అప్పుడు తెలిసింది, అది అతని కోసం కాదని.

మొన్న మాస్టారు వచ్చారు. మార్తమ్మగారి జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టుకున్నారట. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మీ వల్లే మరొకరికి అలా జరగకుండా పోయింది బాబూ అన్నారు. నాకు ఒంట్లో బాగోలేదని చెప్పాను. అదీ అబద్ధమే. ఆయన మెట్లు దిగి వెళుతుంటే పిలవాలనుకున్నాను. నోరు రాలేదు. రేపు వస్తుందా? వస్తుందని మాటిస్తే మీరు నన్ను కాస్త మంచివాడిగా చూస్తారు. అందుకని మాటివ్వను.

ఆయన క్షమిస్తారేమోనన్న భయం కూడా ఉంది నాకు. క్షమించగల మనిషే. ఆ క్షమ నాకు చెందదు.

ఇంతవరకు ఎప్పుడూ పక్కపక్కన పెట్టని రెండు మాటలున్నాయి. ఇక్కడ పెడుతున్నాను. ఇవి రాశాక గుండెల మీద బరువు తగ్గలేదు, కానీ దాన్ని మరొకరి పేరుతో పిలవడం ఇక ఆగింది.

ఆ మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తూనే ఉంది. మార్తమ్మగారి ఇంటికి కరెంటు నేను తీయించాను.