బొట్టుపెట్టి పిలవని ఓటు

రాస్తే బహుమతి వచ్చే బ్లాగు సైట్లో కొత్తగా చేరేవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. నేను చేసింది మీరు చెయ్యకండి, అంతే. చేరిన కొద్దిరోజులకే అక్కడ పరువు మొత్తం పోగొట్టుకున్నదాన్ని, కాస్త నా మాట వినండి. ఈ గొడవలో మా అప్పకీ, అంటే మా అక్కకీ, వాటా ఉంది. అది వరసలో వస్తుంది. మరిచిపోతానేమోనని భయపడకండి. నేను ఏదీ మరిచిపోను.

ఆ సైట్లో మనం రాస్తాం. చదివినవాళ్ళకి నచ్చితే ఓటు వేస్తారు. ఓట్లను బట్టి మన ఖాతాలో ఏవో నాణేలు పడతాయి. బొబ్బిలిలో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. మధ్యాహ్నాలు బేరాలుండవు కనుక అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఏం రాయాలా అని నేను ఒక్కరోజూ ఆలోచించలేదు. పుట్టినప్పటినుంచీ నాకు జరిగిన అన్యాయాలు నాకు కంఠతా వచ్చు.

మొదటి రాత మా అప్ప గృహప్రవేశం మీదే. అప్పది గరివిడి. కిందటేడాది ఇల్లు కట్టుకుంది. సొంత చెల్లెల్ని ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవాలా, వద్దా? మీరే చెప్పండి. ఫోనుకి ఒక కార్డు పంపి ఊరుకుంది. ‘కుటుంబ సమేతంగా విచ్చేసి...’ అంటూ. అదే కార్డు వాళ్ళ పాలవాడికీ వెళ్ళింది.

“ఇది పిలుపేటండీ? కరపత్రం!” అన్నాను మా ఆయనతో.

“పనుల్లో తిరుగుతూ జారిపడి కాలు విరిగిందట కదే. మంచం దిగలేనిది ఎలాగొస్తాది?”

“కాలు విరిగితే కారు లేదేటి?”

నేను వెళ్ళలేదు. ఆ రోజునుంచి అప్పతో మాటలూ లేవు.

ఇదంతా పేర్లు లేకుండా బ్లాగులోకెక్కించి, వానకోసం చూసే చోడిచేనులా ఓట్లకోసం చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ పడలేదు. ‘చిక్కుడుపాదు’ అని పేరు పెట్టుకున్న ఎవరో మాత్రం కింద ఒక ముక్క రాశారు: “కాలు ఎలాగుందని ఒక్కసారైనా అడిగినారా?”

“మీకు మా అప్ప సంగతి తెలీదు” అని జవాబిచ్చాను.

అప్పుడు నాకు వెలిగింది. పిలవకుండా ఎవరొస్తారు? మన పద్ధతిలో గడపగడపకీ వెళ్ళి పిలవాలి! వెంటనే ఒక పిలుపు తయారుచేశాను. “మీ రాత చాలా బాగుంది. నేను ఓటు వేశాను. మీరు కూడా కుటుంబ సమేతంగా మా బ్లాగుకు విచ్చేసి ఓటు వేయగలరు.” కుంకుమభరిణ పట్టుకుని వీధిన పడ్డ ముత్తయిదువలా, కనిపించిన ప్రతి రాత కిందా దాన్ని అతికించుకుంటూ పోయాను. చదవడానికి తీరికెక్కడిది? పిలవడానికి వెళ్ళినవాళ్ళు ఆ ఇంట్లో కూరేమిటో చూస్తారా?

చూడాలని తర్వాత తెలిసింది.

ఒకాయన జవాబిచ్చాడు: “పెంచుకున్న కుక్క పోయిందని రాశానండీ. ఇందులో ఏం బాగుంది?”

అక్కడైనా ఆగానా? “రాసిన తీరు బాగుందండీ. కుటుంబ సమేతంగా తప్పక రండి” అన్నాను.

వచ్చారు. కుటుంబాలతోనే కాదు, బంధుమిత్రులతో సహా వచ్చారు. ఆ సైట్లో ఓటు వేసే మీట పక్కనే, ఓటు పీకే మీట కూడా ఒకటుందని అప్పటిదాకా నాకు తెలీదు. అందరూ దాన్నే నొక్కారు. సాయంత్రానికల్లా నా పరపతి సున్నా కిందికి దిగిపోయింది. అక్కడి పెద్దమనిషి ఒకాయన హెచ్చరిక పంపాడు.

“అమ్మా, మీరు చదవకుండా రాస్తున్నారు.”

“పిలుస్తున్నానండీ. మర్యాద.”

“అందరికీ ఒకటే ముక్క పంచిపెడితే దాన్ని పిలుపు అనరమ్మా. కరపత్రం అంటారు.”

పక్కనుంచి చదువుతున్న మా ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. “ఈ మాట నానెక్కడో విన్నానే!”

“బేరం వచ్చింది సూడండి” అన్నాను. కొట్లో ఈగ కూడా లేదు.

ఆ తర్వాత నేనేం రాసినా సైటువాళ్ళు దాచేసి, చూడాలనుకుంటే ఇక్కడ నొక్కండి అని పెట్టేవారు. వెలివేసిన ఇంటికి ఎవరొస్తారు? అయినా మొండిగా రాశాను. చిన్నప్పుడు సంతలో అమ్మ ఎర్ర రిబ్బను ఒక్కటే కొని అప్పకిచ్చి, అప్ప వాడిన వెలిసిపోయిన రిబ్బను నాకు కట్టిందని, ఆ ఏడుపు కూడా రాశాను. నా అన్యాయాల్లో అది పట్టపుటేనుగు.

మర్నాడు దాని కింద చిక్కుడుపాదు వ్యాఖ్య. పనిగట్టుకుని మీట నొక్కి చదివారన్నమాట.

“నువ్వు ఏడిసి ఏడిసి పడుకున్నాక రిబ్బన్లు మార్సీసినాను. పొద్దున్న నీకు జడేసింది నానే. బడికి కొత్తదే కట్టుకెల్లినావు. నీ జడ నీకెలాగ అగుపిస్తాది, పైడీ?”

పైడి అని నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. అక్షరాలు మసకబారాయి. ఈసారి దాచింది సైటువాళ్ళు కాదు.

రాజాంలో బస్సు మారి గరివిడి చేరాను. తలుపు తీసిన అప్ప ఇంకా కాస్త కుంటుతూనే ఉంది. నన్ను చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఏటే, పిలవకుండా వచ్చీసినావు?”

“నువ్వు నా బ్లాగుకి పిలిస్తే వచ్చినావేటి?”

“ఉండు. గడప దాటకు.”

కుంటుకుంటూ లోపలికెళ్ళి కుంకుమభరిణ తెచ్చింది. నా గెడ్డం పట్టుకుని, ముక్కుమీద కూడా రాలేటంత పెద్ద బొట్టు పెట్టింది. “గృహప్రవేశానికి తప్పకుండా రావాలి. నువ్వు రాలేదని ఈ ఇల్లు నాకింకా కొత్తగానే ఉన్నాది.”

“కాలు ఎలాగుందప్పా?” అన్నాను. ఏడాది ఆలస్యంగా.

ఇద్దరం గడప మీదే కూలబడి ఏడ్చాం, నవ్వాం. అన్నం పెట్టాక నాకు అసలు సంగతి గుర్తొచ్చింది.

“అవునే అప్పా, అన్నీ సదివినావు కదా. ఒక్క ఓటైనా ఎయ్యలేదేటే?”

అప్ప తాపీగా మజ్జిగ పోసింది. “నాకు బొట్టెట్టి పిలిసినావేటే?”

కాబట్టి కొత్తవాళ్ళూ, ముందు చదవండి. చదివినదాని గురించే రాయండి. ఓట్లు అడుక్కోకండి. చదవని రాత కింద ఇకమీదట ఒక్క అక్షరం కూడా రాయనని మా కొట్లోని అతి పెద్ద గుండిగ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అప్ప ఓటు ఈరోజుకీ పడలేదు. నేను అడగను.

కానీ మరిచిపోను.