బండి కదిలాక రోడ్డు మీద మిగిలే రాళ్లు

మా బండి కొనడానికి ఒకాయన ఆదివారం వస్తానన్నాడు. అందుకే శుక్రవారం పొద్దున నేనూ మా ఆయనా ఆ బండి ఎక్కాం. "ఒక్క దినం పోదాం రాజమణీ. నీకు నచ్చకపోతే నేనే తాళంచెవులిస్త" అని ఆయన వారం నుంచి బతిమాలాడు. నిజామాబాద్ నుంచి బోధన్, రుద్రూర్ తిరిగి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వచ్చి ఆర్మూర్ మీదుగా, బాల్కొండ దాటి, సాయంత్రానికి శ్రీరాంసాగర్ చేరాలి. అక్కడ నేను ఊఁ అంటే మునుపటిలాగే బండే మా ఇల్లు. ఊహూఁ అంటే ఆదివారం బండి పోతుంది. ఇదీ మా మధ్య మాట.

మా పేజీ మొదటి నుంచి చదివేవాళ్లకు మా బండి తెలుసు. అది పాత స్కూలు వ్యాను. మా ఆయన గంగారాం వయసంతా లారీ నడిపాడు. మా ఒక్కగానొక్క కొడుకు నరేశ్ వెల్డింగ్ పని చేసేవాడు. "పెండ్లి పెండ్లి అని నా పానం తినకుండ్రి, మీరు పోయి దేశం తిరుగుండ్రి" అని వ్యానులో సీట్లన్నీ పీకేసి, మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించి ఇచ్చాడు. ఇల్లు కిరాయికిచ్చి మేము రోడ్డెక్కాం. ఫోనులో ఈ పేజీ తెరిచిందీ వాడే. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు రాయడమేంటి అంటే, "నోటితోని ఎట్ల చెప్తవో గట్లనే రాయమ్మా" అన్నాడు. ఇప్పుడు తప్పులు మా చెల్లెలి బిడ్డ దిద్దుతోంది.

పోయిన చెరుకు సీజన్లో మేము పండుగకని ఊరికి వచ్చి ఉన్నప్పుడు, బాల్కొండ దగ్గర హైవే మీద నరేశ్ బైకు రాళ్ల మీదికెక్కింది. వాడు మళ్లీ లేవలేదు. ఆ రాళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. రోడ్డు మీద లారీయో ట్రాక్టరో ఆగిపోతే, వెనక వచ్చేవాళ్లు చూసి తప్పుకోవాలని నాలుగు పెద్ద రాళ్లు, ఒక పచ్చి కొమ్మ అడ్డం పెడతారు. మంచికే పెడతారు. బండి బాగయ్యాక ఎక్కి పోతారు. రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఆ రోజు రాళ్ల పక్కన చెరుకు గడలు రాలి ఉన్నాయి కాబట్టి చెరుకు ట్రాక్టరే అయి ఉంటుందన్నారు. నడిపినవాడెవడో ఎవరికీ తెలియలేదు.

అప్పటి నుంచి బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. కిరాయివాళ్లను పంపించి మేము ఇంట్లోకి వచ్చేశాం. నేను పొద్దున దీపం పెడుతూ కూడా ఆ డ్రైవర్ను తిడతాను. వాని చేతులిరిగిపోను, అంటాను. దేవుడి ముందు అనే మాట కాదని తెలిసే అంటాను.

ఆరున్నరకు బయలుదేరాం. వెయ్యి రూపాయల డీజిల్ పోయించాం, ఈ తిరుగుడుకు చాలింది. బోధన్ దారిలో కొంచెం పక్కకు తిరిగితే అలీసాగర్ వస్తుంది. పొద్దున పోతే గుంపు ఉండదు, చెరువు గట్టు మీద చల్లగా ఉంటుంది, పిల్లలున్నవాళ్లు తప్పకుండా ఆగండి. మేమూ ఆగాం. ఒక జంట మమ్మల్ని పిలిచి వాళ్ల బాబుతో ఫోటో తీయమన్నారు. మా ఆయన తీశాడు. "మీ పిల్లలు రాలేదా అంకుల్?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను బండి ఎక్కి తలుపు వేసుకున్నాను. నేను ఇలాగే ఉన్నాను ఇప్పుడు, ఎవరి సంతోషమూ నాకు గిట్టడం లేదు.

బోధన్‌లో తొమ్మిది కాకముందే టిఫిన్ చేశాం. బస్టాండ్ దగ్గర సలీం భాయ్ హోటల్ ఉంది. మా ఆయన లారీ నడిపినప్పటి నుంచి అక్కడే ఆగేవాడు. ఇద్దరికీ పూరీ, ఛాయ్ కలిపి వంద రూపాయల లోపే. సలీం భాయ్ గల్లా మీది నుంచే కేకేశాడు.

"అరె గంగన్నా! ఎన్ని దినాలకు కనవడ్డవ్! ఏడికి మాయమైనవ్ భాయ్? ఆఁ వదినా, సలాం. నరేశ్ ఎట్లున్నడు? మా షట్టర్ జామైంది, వచ్చి జర సూడమని చెప్పు వానికి. రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తుతలేడు."

నా చేతిలో పూరీ ముక్క అలాగే ఉండిపోయింది. మా ఆయన తల ఎత్తకుండా, "మంచిగున్నడు భాయ్. చెప్త" అన్నాడు.

బండిలోకి వచ్చాక నేను ఊరుకోలేదు. "గదేం మాట? కొడుకు బతికే ఉన్నట్టు ఎట్ల చెప్తివి?"

"చెప్తే ఆయన ఏడుస్తడు. ఆయనను సూసి నేను ఏడుస్త. బండెవలు నడుపుతరు, నువ్వా?"

"నువ్వు ఏడిస్తే నేనెన్నడు సూసిన? నీకు బండి ఉంటే సాలు."

"గట్లనే అనుకో" అన్నాడు. బండి స్టార్టు చేసి గేరు వేశాడు.

రుద్రూర్ దారి చూడాలంటే ఈ కాలంలోనే చూడాలి. కాలువ నీళ్లు పారుతుంటాయి, అక్కడక్కడా చెరుకు రెండు పక్కలా గోడలాగా నిలబడి ఉంటుంది. దారి ఇరుకు, మలుపులెక్కువ. అలాంటి ఒక మలుపు దాటగానే మా వెనక టైరు పంచరైంది. రోడ్డు దింపడానికి పక్కన జాగా లేదు. మా ఆయన స్టెప్నీ దించుతుంటే నేను కాలువ గట్టు మీది నుంచి రాళ్లు మోసుకొచ్చి, మలుపులో వచ్చేవాళ్లకు కనిపించేలా బండి వెనక వరసగా పెట్టాను. వాటి మీద వేపకొమ్మ వేశాను. ఒక్కో రాయి పెడుతుంటే నరేశే గుర్తొచ్చాడు. ఆ డ్రైవర్ను తిట్టుకుంటూనే పెట్టాను.

బైకు మీద పోతున్న ఒక రైతు ఆగాడు. పేరు శ్రీనివాసరావు గారట. వాళ్ల తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు. మాట ఇంకా ఆ దిక్కుదే. "మీరు తప్పుకోండి బాబాయ్ గారూ, ఆ నట్టు ఈ వయసులో మీకు లొంగదు" అని పానా తీసుకున్నాడు.

"నట్టు నాకు లొంగక ముప్పై ఏండ్లు లారీ నడిపిన్నా సారూ?" అన్నాడు మా ఆయన.

"అయితే మీరు లాగండి, నేను చూస్తా. ఊడిందంటే కోడికూర మాదే."

ఊడలేదు. ఇద్దరూ కలిసి లాగితే ఊడింది. మా ఆయన నవ్వాడు. సంవత్సరంగా ఆ నవ్వు నేను చూడలేదు, చూసి నాకు ఒళ్లు మండింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు ఎంత దూరం మోసుకుపోవాల్సి వస్తోందో శ్రీనివాసరావు గారు చెప్పాడు. "మునుపు ఎడ్లబండి కట్టుకుని గేటు దాకా పోయొచ్చేవోళ్లమండీ. ఇప్పుడు ట్రాక్టర్లు హైవేలెక్కి పోతున్నాయి" అన్నాడు.  కొంచెం ముందుకు పోతే తన పొలం ఉందని, కాలువ పక్కన చెట్టు నీడలో బండి పెట్టుకుని వంట చేసుకోమని, రాత్రి ఉన్నా ఎవరూ ఏమీ అనరని చెప్పి వెళ్లిపోయాడు. ఆ దిక్కు పోయేవాళ్లు ఎవరైనా రైతును అడిగి ఆగండి, అడగకుండా చెరుకు పక్కన పొయ్యి ముట్టించకండి.

ఆ నీడకు చేరి బియ్యం పొయ్యి మీద పెట్టాను. కాలువలో చేతులు కడుక్కుంటుంటే గోళ్ల సందున మట్టి ఎంతకూ పోలేదు. ఇంత మట్టి ఎక్కడిదా అనుకున్నాను. రాళ్లది.

"బండి తిప్పు" అన్నాను.

"అన్నం ఉడుకుతుంది గద. ఏమైంది?"

"రాళ్లు."

ఆయన ముఖం తెల్లబోయింది. పొయ్యి ఆర్పి, గిన్నె అలాగే వదిలి బండి తిప్పాడు. వచ్చిన దూరం ఎక్కువేం కాదు, నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో. ఎదురుగా వచ్చే ప్రతి బైకునూ నేను లెక్కబెట్టినట్టు చూశాను, ఇంకా ఎవరు బాగానే ఉన్నారో అని. ఒక బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో పాప. వాళ్లు ఆ మలుపు దాటి వచ్చినవాళ్లే. 

మేము పోయేసరికి కొమ్మ నలిగిపోయి ఉంది. ఒక రాయి దూరంగా దొర్లి ఉంది. దాని మీద టైరు రబ్బరు నల్లగా అంటుకుంది. రోడ్డు మీద ఎవరూ లేరు. పక్క మడిలో చెరుకు కొడుతున్న ఒక ముసలామెను మా ఆయన అడిగాడు. "అవ్వా, గిక్కడ ఎవలన్న పడ్డరా?"

"పడలే బిడ్డా. ఒగాయన మోటర్ సైకిల్ మీద వచ్చి రాయి గుద్దిండు. గిట్ల ఊగి ఊగి నిలవడ్డడు. మస్తు తిట్టిండు. ఈడ రాళ్లు పెట్టి పోయినోని చేతులిరిగిపోను అని తిట్టిండు." ఆమె మా ఇద్దరినీ పైకీ కిందికీ చూసింది. "మీరేనా పెట్టింది? అయితే మంచిగనే తిట్టిండు, పోండ్రి."

నా తిట్టే అది. ఒక్క అక్షరం తేడా లేదు.

రాళ్లు నేనే తీశాను. మా ఆయన సాయం రాబోతే వద్దన్నాను. అన్నీ కాలువ అవతలికి విసిరి వచ్చేసరికి ఆయన రోడ్డు పక్కన కూర్చుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. వాడు పోయిన రోజు కూడా నా ముందు ఏడవలేదు ఆయన. నేను పక్కన కూర్చున్నాను.

తువ్వాలు దించి, "గా డ్రైవర్ గూడ యాది మరిసిండేమో" అన్నాడు.

"మరిసిండు. నాకు యాదికొచ్చింది, తిరిగొచ్చిన. వాడు రాలే. వస్తే నా కొడుకు ఉంటుండె."

"గది నిజమే" అన్నాడు.

సగం ఉడికిన అన్నం మళ్లీ ఉడకబెట్టి, మామిడికాయ తొక్కుతో తిని రెండింటికి బయలుదేరాం. రుద్రూర్ నుంచి నిజామాబాద్, అక్కడి నుంచి ఆర్మూర్, బాల్కొండ. హైవే ఎక్కాక దారి సాఫీగా ఉంటుంది. ఆ చోటు దగ్గర పడగానే ఆయన బండి నెమ్మది చేసి, "ఆపన్నా?" అని అడిగాడు. ఆపమన్నాను. పూర్తిగా రోడ్డు దింపి ఆపాడు. అక్కడ ఏమీ లేదు. మరక లేదు, గుర్తు లేదు. అందరూ పోయే రోడ్డు. నేను దిగి అటూ ఇటూ నడిచి ఎక్కడైనా రాయి ఉందా అని చూశాను. ఎక్కి కూర్చున్నాను.

ఐదు గంటలకు ప్రాజెక్టు కట్ట మీద ఉన్నాం. నీళ్లు నిండుగా ఉన్నాయి, చూడ్డానికి జనం వస్తున్నారు. ఆయన నా మాట కోసం చూస్తున్నాడు, అడగడం లేదు. "ఆదివారం వచ్చేటాయనకు రావద్దని చెప్పు" అన్నాను. ఆయన ఫోను తీశాడు. "సలీం భాయ్‌కి గూడ చెయ్యి. నిజం చెప్పు" అన్నాను. ముందు సలీం భాయ్‌కే చేశాడు.

ఇది చదివి నా మనసు కుదుటపడిందని ఎవరూ అనుకోకండి. ఆ నీళ్లు అందంగా ఉన్నాయి, నాకు చేదుగానే ఉంది. వాడు బిగించిన మంచం మీద పడుకుంటే నిద్ర పడుతుందన్న నమ్మకమూ లేదు. ఆ డ్రైవర్ను నేను క్షమించలేదు, క్షమించే పెద్దమనసు నాకు లేదు. కానీ ఇప్పుడు తిట్టబోతే నా చేతులు నాకు కనబడుతున్నాయి, తిట్టు నోట్లోనే ఆగుతోంది. ఇంట్లో కూర్చుని ఏడాది తిట్టాను, ఒక్క రాయి కూడా రోడ్డు మీది నుంచి కదలలేదు. బండిలో ఉంటే కనబడినచోట ఆగి తీయొచ్చు. నేను ఊఁ అన్నది అందుకు.

మీరు బండి తీసుకుని బయలుదేరేముందు బండి సామాన్ల షాపులో ఎర్రగా మెరిసే మూడుమూలల బోర్డు ఒకటి కొనుక్కోండి, మూడు నాలుగు వందలకు వస్తుంది. అది లేక రాళ్లే పెట్టాల్సి వస్తే, పెట్టిన మనిషే ఆఖరున బండి ఎక్కాలి. ఎక్కేముందు వెనక్కి నడిచి, ప్రతి రాయినీ చేత్తో ఎత్తి రోడ్డు అవతల పడేయాలి.